దీపం ఆరిపోవస్తే ఏం చేస్తారమ్మా అని ఆ రోజు నేను అడగలేదు

గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల విద్యాశాఖ అధికారులకు, సైన్స్ ఫెయిర్లు జరిపించేవారికి, జడ్జీలుగా వచ్చే పెద్దలకు, నా తోటి సైన్స్ టీచర్లకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. దసరా సెలవులు అయ్యాయంటే మన ఊళ్ళలో సైన్స్ ఫెయిర్ల హడావిడి మొదలవుతుందని మీకు తెలుసు. థర్మోకోల్ షీట్ల కోసం, చిన్న మోటార్ల కోసం పిల్లలు షాపుల చుట్టూ తిరుగుతారు. ఇక్కడ దొరకనివి పాతపట్నం వెళ్ళి తెచ్చుకుంటారు. బడి స్థాయి, బ్లాక్ స్థాయి, జిల్లా స్థాయి అని మెట్లు ఎక్కుతూ పోయే ఈ పోటీలంటే నాకు ప్రాణం. ఏడాదంతా నోరు విప్పని పిల్లవాడు తను చేసిన మోడల్ పక్కన నిలబడి గడగడా చెప్పడం నేను ఎన్నోసార్లు కళ్ళారా చూశాను. ఫెయిర్లు ఆపమని ఈ ఉత్తరం రాయడం లేదు. ఇంకా ఎక్కువ జరగాలి, కొండల మీది బడుల్లో కూడా జరగాలి. వాటిలో ఒక్క పిల్ల ఒళ్ళు కూడా కాలకూడదు.

ఆ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలి. జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పుడు నేను పనిచేసిన బడి పేరు రాయను. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఇద్దరమ్మాయిలు ఆవిరితో తిరిగే చక్రం చేశారు. ఖాళీ నూనె డబ్బాలో సగానికి నీళ్ళు పోసి, మూతకి సన్నటి చిల్లు పెట్టి, దానికి ఎదురుగా రేకుతో కత్తిరించిన చక్రాన్ని ఊచకి గుచ్చారు. కింద స్పిరిట్ దీపం. నీళ్ళు మరిగి ఆవిరి చిమ్మితే చక్రం గిర్రున తిరిగేది. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. బ్లాక్ స్థాయికి వాళ్ళనే పంపించాను.

ఫెయిర్ రోజు వచ్చినవాళ్ళకల్లా చూపించడానికి పొద్దున్నుంచి ఆ దీపం వెలిగిస్తూనే ఉన్నారు. జడ్జీలు వాళ్ళ టేబుల్ దగ్గరికి వచ్చేసరికి స్పిరిట్ అయిపోవచ్చింది. చక్రం నెమ్మదించింది. ఆ ఇద్దరిలో ఒక పిల్లకి టెన్షన్. దీపం ఆరిపోయిందనుకుని, పక్కనున్న స్పిరిట్ సీసా తీసి దీపంలోకి వంచింది. దీపం ఆరలేదు. స్పిరిట్ మంట లేత నీలంగా ఉంటుంది, పగటి వెలుతురులో కంటికి ఆనదు. ఆ టేబుల్ కిటికీ పక్కన ఉంది. వంచిన సీసా మూతి దాకా మంట పాకింది. భగ్గుమని ఒక్క చప్పుడు, అంతే. ఆ పిల్ల వేసుకున్న చున్నీ నైలాన్‌ది. నైలాన్ కాలుతూనే కరుగుతుంది, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. టేబుల్ మీద పరిచింది గిఫ్ట్ పేపరు. వెనకాల నిలబెట్టింది థర్మోకోల్. హాల్లో ఇసుక బకెట్ లేదు, తడి గోనె సంచి లేదు. బోరింగ్ బడి వెనకాల ఉంది. నేను ఆ పిల్లని పొదివి పట్టుకుని బయటికి తెచ్చేలోపు ఎవరో చేతికి టూత్‌పేస్ట్ పూశారు. ఇంకెవరో సిరా పొయ్యమని అరుస్తున్నారు. బోరింగ్ కొట్టి నీళ్ళు పోశాను. ఎంతసేపు పొయ్యాలో సైన్స్ టీచర్నయిన నాకే తెలియదు. రెండు నిమిషాలు పోశానేమో, ఆసుపత్రికి తీసుకుపొమ్మంటే ఆపేశాను. కాలిన చోట మామూలు చల్లటి పారే నీళ్ళు 20 నిమిషాలు పొయ్యాలని, టూత్‌పేస్ట్, సిరా, పసుపు, ఐసు ఏవీ పెట్టకూడదని చాలా తర్వాత తెలుసుకున్నాను.

ఆ సాయంత్రం అదే హాల్లో బహుమతులు పంచారు. పై అధికారులకి వెళ్ళిన కాగితంలో ‘చిన్న ప్రమాదం’ అని రాశారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. కుడిచేతి మూడు వేళ్ళు ఈ రోజుకీ పూర్తిగా ముడవలేదు. పెళ్ళిచూపులకి పొడుగు చేతుల జాకెట్టు కుట్టించామని వాళ్ళమ్మ నాతో చెప్పిన రోజు నేను తలెత్తలేకపోయాను. ఎందుకంటే ఫెయిర్‌కి నెల ముందు ఆ పిల్లలు ఒక ఠావు కాగితం మీద బొమ్మ గీసి నా దగ్గరికి తెచ్చారు. అందులో డబ్బా ఉంది, చక్రం ఉంది, దీపం ఉంది. ‘బావుందర్రా, చెయ్యండి’ అన్నాను. దీపం ఆరిపోవస్తే ఏం చేస్తారమ్మా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మిగతాదంతా దాని వెనకే బయటపడేది. స్పిరిట్ సీసా ఎక్కడ పెడతారు, ఏ బట్టలు వేసుకుంటారు, మంట అంటుకుంటే దేంతో ఆర్పుతారు, పక్కన పెద్దవాళ్ళు ఎవరుంటారు. నాకు ఆ ప్రశ్న తట్టలేదు. అడగాలని నాకు ఏ కాగితమూ చెప్పలేదు.

నా విన్నపం ఇదే. ప్రాజెక్టుని ఫెయిర్ రోజు దాకా చూడకుండా వదిలెయ్యకండి. అది ఠావు కాగితం మీద బొమ్మగా ఉన్నప్పుడే చూడండి, అడగండి, అవసరమైతే మార్పించండి. ఫెయిర్ రోజు పొద్దున హాలంతా తిరిగి ‘జాగ్రత్తమ్మా’ అని చెప్పడం వల్ల ఏమీ కాదు. అప్పటికి పిల్లవాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాతికసార్లు ఆ ప్రయోగం చేసేసి ఉంటాడు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో 1950 నుంచి జరుగుతున్న ఇంటర్నేషనల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ ఫెయిర్‌కి మన దేశం నుంచి కూడా పిల్లలు వెళ్తుంటారు. అక్కడి నియమాల్లో సగం పైన ప్రయోగం మొదలుపెట్టక ముందటి సంగతులే. పిల్లలు ముందుగా ప్రణాళిక రాయాలి. ఏ ప్రమాదం ఉంది, దాన్ని ఎలా తగ్గిస్తాం, వాడినవాటిని చివరికి ఎలా పారేస్తాం అనేవి అందులో ఉండాలి. బాధ్యత తీసుకునే పెద్దమనిషి సంతకం చెయ్యాలి. మనుషుల మీద సర్వేలు, జంతువులు, సూక్ష్మజీవులు ఉన్న ప్రాజెక్టయితే ఒక కమిటీ ముందే చూసి సరేనంటేనే మొదలుపెట్టాలి. ఇంట్లో సూక్ష్మజీవులు పెంచడం పూర్తిగా నిషేధం. ఇక ప్రదర్శనలో అయితే మంట ఉండకూడదు, రసాయనాలు ఉండకూడదు, ఆఖరికి నీళ్ళు కూడా ఉండకూడదు. ప్రయోగం ఎలా జరిగిందో ఫొటోలు, వీడియో చూపిస్తే చాలు. ఆ రోజు మా టేబుల్ మీద వెలిగే దీపానికి బదులు ఒక ఫొటోల చార్టు ఉండి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

వాళ్ళ ఫారాలన్నీ మనకి అక్కర్లేదు. వాళ్ళ నియమాల వెనకున్న ఆలోచన తీసుకుంటే చాలు. మన ఫెయిర్లలో ఏటా కనిపించే స్టాళ్ళ మీద దాన్ని పెట్టి చూద్దాం.

మొదట బ్లడ్ గ్రూప్ స్టాలు. ప్రతి ఫెయిర్‌లో ఒకటి ఉంటుంది, అక్కడే పెద్ద లైను ఉంటుంది. ఫ్రీగా బ్లడ్ గ్రూప్ చెబుతారంటే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, ఒక్కోసారి టీచర్లు కూడా వేలు చాపుతారు. ఒకసారి నేను ఆ లైను పక్కన నిలబడి చూశాను. పదో తరగతి పిల్లాడు ఒకరి వేలు గుచ్చాడు, సూదిని స్పిరిట్ దూదితో తుడిచాడు, వెంటనే తర్వాతివారి వేలు గుచ్చాడు. సూదులు అయిపోతున్నాయి మేడమ్, మళ్ళీ కొనాలంటే మెడికల్ షాపు దూరం అన్నాడు. తుడిచాను కదా అని అమాయకంగా అన్నాడు. దూదితో తుడిస్తే సూది శుభ్రం కాదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికే ఉంటుంది. ఆ స్టాలుకి ఆ రోజు బహుమతి కూడా వచ్చింది.

ఇంకో సంగతి కూడా చూడండి. ఆ పిల్లాడు చెప్పిన గ్రూపు తప్పయితే? ‘సైన్స్ ఫెయిర్‌లో బీ పాజిటివ్ అన్నారు’ అని ఒక తల్లి జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. దయచేసి సైన్స్ ఫెయిర్లలో సూదితో రక్తం తియ్యడం పూర్తిగా ఆపించండి. విషయం చెప్పడానికి రక్తమే అక్కర్లేదు. పాలలో ఎర్ర రంగు కలిపితే అదే రక్తం. ఒక సీసాలో వెనిగర్, ఇంకో సీసాలో మంచినీళ్ళు పెట్టుకుంటే అవే పరీక్ష ద్రావణాలు. వెనిగర్ పడ్డ చోట పాలు విరిగి గడ్డలు కడతాయి, నీళ్ళు పడ్డ చోట కట్టవు. గ్రూపు కలిసినప్పుడు రక్తకణాలు గుంపులు కట్టడం ఎలా ఉంటుందో ఆరో తరగతి పిల్లకి కూడా అర్థమవుతుంది.

కరెంటు సంగతి ఇంకా ఘోరం. మోడల్ ఇల్లు, మోడల్ గ్రామం, వీధిదీపాలు, నీటి పంపు, అన్నీ ముచ్చటగా ఉంటాయి. టేబుల్ కిందికి వంగి చూస్తే రెండు వైర్ల కొసలు సాకెట్లో గుచ్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దోపి ఉంటాయి. ప్లగ్గు ఖరీదు ఎంత? అది 230 వోల్టుల కరెంటు. దాని పక్కనే తొట్టెలో నీళ్ళు, కింద ఇనప బెంచీ, పిల్లలకి చెప్పులు కూడా ఉండవు. టెంట్ హౌస్ నుంచి తెప్పించిన వైర్లకి నాలుగు చోట్ల టేపు చుట్టి ఉంటుంది. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి ఇంకోటి, అందులోంచి మరోటి లాగుతారు. డిసెంబరు పొద్దుటి మంచుకి షామియానా కింద నేలంతా తడిగా ఉంటుంది.

ఇక్కడ కూడా ముందే అడిగితే సులువుగా తేలిపోతుంది. ఎల్ఈడీ బల్బులూ, బొమ్మ మోటార్లూ నడవడానికి సెల్‌ఫోన్ చార్జర్ ఇచ్చే 5 వోల్టులు చాలు. పెన్సిల్ బ్యాటరీలైనా చాలు. పిల్లల మోడల్ లోపలికి 230 వోల్టులు రాకూడదని ఒక్క ముక్క రాసేస్తే అగ్గిపుల్లల అవసరమే ఉండదు. హాలుకి మాత్రం ఆర్‌సీసీబీ పెట్టించండి, అంటే 30 మిల్లీ యాంపియర్ల కరెంటు లీకైనా సరఫరా ఆపేసే స్విచ్చి. ఫెయిర్ ముందు రోజు లైన్‌మ్యాన్ ఒకరు వచ్చి వైరింగ్ చూసి సంతకం పెట్టాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి లోపలి లిథియం సెల్స్ తీసి వాడటం ఈమధ్య పిల్లలు వీడియోల్లో చూసి నేర్చుకుంటున్నారు. ఆ సెల్ షార్టయితే మంటలు వస్తాయి. అది వద్దని ముందే చెప్పాలి.

అగ్నిపర్వతం మోడల్ గురించి కూడా ఒక మాట. నారింజ రంగు అమ్మోనియం డైక్రోమేట్ కుప్పగా పోసి వెలిగిస్తే నిప్పురవ్వలు చిమ్ముతూ ఆకుపచ్చ బూడిద పైకి ఎగురుతుంది. నిజంగానే కళ్ళు చెదురుతాయి. కానీ ఆ నారింజ పొడి క్యాన్సర్ కలిగించే క్రోమియం సమ్మేళనం. పూర్తిగా కాలని పొడి బూడిదతో పాటు గాలిలో కలిసి చుట్టూ మూగిన పిల్లల ముక్కుల్లోకి పోతుంది. ఆ తర్వాత బూడిదని చేత్తోనే ఎత్తుతారు, ఆ చేతుల్తోనే సమోసా తింటారు. వంటసోడాలో నిమ్మరసం పిండి, కాస్త ఎర్ర రంగు కలిపితే లావా పొంగుతుంది. నిప్పురవ్వలు రావు, నిజమే. రాకపోతే మార్కులు తగ్గించవద్దని జడ్జీలకి మీరే చెప్పాలి.

ఇక కార్బైడు పేలుళ్ళు. 2025 దీపావళికి పైపులతో చేసిన కార్బైడు గన్నుల వల్ల భోపాల్‌లో ఎంతమంది పిల్లల కళ్ళు దెబ్బతిన్నాయో పేపర్లలో చదివారు కదా. కార్బైడు మీద నీళ్ళు పోస్తే గ్యాసు వస్తుంది, గ్యాసు మండుతుంది, అని ఆ ‘ప్రయోగం’ ఫెయిర్‌కి ఎవరైనా తేవచ్చు. బాత్‌రూమ్ గొట్టాలు శుభ్రం చేసే పొడిలో అల్యూమినియం కాగితం వేసి హైడ్రోజన్ బెలూన్లు నింపడం కూడా అలాంటిదే. ఇవి కాగితం మీద కనబడగానే ఆపేయాలి. ఆపి, ‘మరి దీని బదులు ఏం చేద్దాం’ అని పిల్లవాడితో కూర్చోవాలి. వట్టిగా వద్దంటే వాడు ఇంటి వెనక చేస్తాడు.

బూజు పట్టిన రొట్టెను టిఫిన్ డబ్బాలో తెచ్చి జడ్జీల ముందు మూత తియ్యడం, డ్రైనేజీ నీటిని సీసాలో పట్టి తేవడం, ఫార్మలిన్ సీసాలో పాముపిల్లను తేవడం, ఇవన్నీ నేను చూసినవే. బూజు డబ్బాకి టేపు వేసి, తెరవకుండానే చూపించాలి. పాములూ, పక్షుల గూళ్ళూ ముట్టుకోవద్దని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. గంజాం తీరం బడులకి ఇంకా గట్టిగా చెప్పాలి. తాబేలు గుడ్లు ఫెయిర్‌కి తేవద్దని. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజులూ, ఫిబ్రవరి 28 సైన్స్ డే రోజులూ ఇంచుమించు ఒకటే.

మంట లేదు, కరెంటు లేదు కాబట్టి ప్రమాదం లేదని మనం వదిలేసేది సర్వే ప్రాజెక్టు. మన ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ, అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే రక్తపు జబ్బు. ప్రభుత్వం 2023 జులైలో దాని కోసం జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టింది. పిల్లలు ఆ విషయం మీద ప్రాజెక్టు చెయ్యాలనుకోవడం మంచిదే. నేను చూసిన ఒక చార్టులో మాత్రం ఊళ్ళో జబ్బున్నవాళ్ళ పేర్లు, వయసులు, ఇద్దరి ఫొటోలతో సహా అతికించి ఉన్నాయి. అందులో ఒకమ్మాయి అదే బడిలో పదకొండు చదువుతోంది. ఆమె వచ్చి ఆ చార్టు ముందు నిలబడి, చదివి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. వారం రోజులు బడికి రాలేదు. ఆ చార్టు చేసిన పిల్లల మనసులో చెడు లేదు. పేర్లు రాయకూడదని, అడిగే ముందు వాళ్ళ ఇంటి పెద్దల అనుమతి తీసుకోవాలని, ఆశా దీదీని వెంట తీసుకెళ్ళాలని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

చెప్పడం అంటే ఏ భాషలో చెబుతున్నాం అన్నది కూడా చూడాలి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. కొండల మీది సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు రాశారాయన. అలాంటి ఊళ్ళో ఫెయిర్ సూచనలు పిల్లల చేతికి వచ్చేసరికి ఇంగ్లీషులో ఉంటాయి, లేదంటే ఆఫీసు ఒడియాలో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సీసా మీద ఇంగ్లీషు. ఒకసారి స్పిరిట్ సీసా మీదున్న మాట చూపించి, దీని అర్థం ఏమిట్రా అని ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి అడిగాను. ‘ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండదని మేడమ్. ముందు ఇన్ ఉంది కదా’ అన్నాడు. వాడి తర్కంలో తప్పేమీ లేదు, ఇన్‌కరెక్ట్ అంటే కరెక్టు కాదని మనమే నేర్పాం. ‘ఇది అంటుకుంటుంది, నిప్పు దగ్గర పెట్టకు’ అని తెలుగులో, ఒడియాలో ఒక చీటీ అంటిస్తే చాలు. సవర పిల్లలున్న బడుల్లో ఆ భాష వచ్చిన టీచరు నోటితో చెప్పాలి, తిరిగి చెప్పించుకోవాలి.

మోహనా, గుమ్మ, సేరంగో వైపు బడులలో పనిచేసే టీచర్లు ఈపాటికి ఒక మాట అనుకుంటుంటారు. మాకు ల్యాబే లేదు, ఇంకా సంతకాలు కూడానా అని. న్యాయమైన మాటే. ఈ కాగితం వల్ల కొండల మీది ఒక్క పిల్లవాడు కూడా వెనకబడకూడదు. అందుకే ఒకే పేజీ ఫారం అడుగుతున్నాను, దాని మీద పిల్లవాడు తన మాటల్లో రాస్తాడు: ఏం వాడతాను, ఎక్కడ తప్పు జరగొచ్చు, జరిగితే ఏం చేస్తాను, పక్కన ఎవరుంటారు. సైన్స్ టీచరు చదివి సంతకం పెడతారు. కరెంటు ఉంటే లైన్‌మ్యాన్, మనుషుల ఆరోగ్యం సంగతి ఉంటే ఏఎన్ఎం, మందులూ రసాయనాలూ ఉంటే ఆసుపత్రి ఫార్మసిస్టు ఒకసారి చూస్తే చాలు. వీళ్ళు లేని బ్లాకు లేదు. బ్లాకు విద్యాధికారి (బీఈఓ) ఆఫీసు వారంలో జవాబివ్వాలి. అక్కడ ఆలస్యమైతే ఆ నష్టం పిల్లవాడి మీద పడకుండా చూడాలి. కేంద్ర ప్రభుత్వం పిల్లల సైన్స్ ఆలోచనలకి ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకి ఎంపికైన పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. అందులోంచి ముందు ప్రయోగం చేసేటప్పుడు కళ్ళని కాపాడే అద్దాలు, నూలు ఏప్రను, బ్యాటరీ పెట్టె కొనుక్కోమని చెప్పండి. ఫ్లెక్సీ తర్వాత కొనుక్కోవచ్చు.

జడ్జీలకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలని ఉంది. కొన్నేళ్ళ కిందట ఏడో తరగతి పిల్లవాడొకడు నా దగ్గర ఒక ప్రాజెక్టు చేశాడు. వాళ్ళది కొమ్ము పని చేసే ఇల్లు. కొమ్ము దువ్వెన, ప్లాస్టిక్ దువ్వెన, చెక్క దువ్వెన, మూడూ తెచ్చాడు. ఒక్కో దానితో పొడి జుట్టు సరిగ్గా 20 సార్లు దువ్వి, నువ్వుగింజంత కాగితం ముక్కలు ఎన్ని ఎగిరి అతుక్కున్నాయో లెక్కపెట్టాడు. రోజూ అదే వేళకి చేశాడు, మూడు వారాలు. వాడి నోటుబుక్కులో ఒక పేజీలో ‘ఈ రోజు వాన. ఒక్క ముక్క కూడా రాలేదు. దువ్వెన పాడైందా?’ అని ఉంది. నాలుగు రోజుల తర్వాత పేజీలో ‘ఎండ వచ్చింది. మళ్ళీ లాగుతోంది. దువ్వెన పాడవలేదు, గాలిలో తడి వల్ల’ అని ఉంది. ఆ రెండు పేజీలు చదివి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మన ఒడిశాలోనే ఖండపడాలో పుట్టిన పఠాణి సామంత వెదురు పుల్లలతో పరికరాలు చేసుకుని ఆకాశాన్ని కొలిచారు. ఆ పిల్లవాడు చేసింది ఆ తోవలో పనే. ఫెయిర్‌లో మాత్రం ‘దువ్వెనలేమిటి, ఇందులో ఏముంది’ అని జడ్జీ నోటుబుక్కు తెరవకుండానే ముందుకి వెళ్ళిపోయారు. మొదటి బహుమతి డైక్రోమేట్ అగ్నిపర్వతానికి ఇచ్చారు.

పిల్లలు మనం దేనికి మార్కులు వేస్తామో అదే చేస్తారు. మంటకీ, పొగకీ, పేలుడుకీ బహుమతులిస్తే మరుసటి ఏడు ఇంకా పెద్ద మంట తెస్తారు. అందుకని జడ్జీలు ముందు నోటుబుక్కు అడగాలి, తర్వాత ఆ ఒక పేజీ ఫారం అడగాలి, ఆ తర్వాతే మోడల్ చూడాలి. ‘ఇందులో ఏం తప్పు జరగొచ్చు బాబూ’ అన్న ప్రశ్నకి మార్కులుండాలి. తడుముకోకుండా జవాబు చెప్పిన పిల్ల ఆ ప్రయోగాన్ని నిజంగా తన చేత్తో చేసిందని కూడా దాంతోనే తెలిసిపోతుంది.

అధికారులకు ఇంకొక్కటి, బహుశా అన్నిటికన్నా కష్టమైనది. ప్రమాదం జరిగితే టీచరుకి మెమో, హెడ్మాస్టరుకి నోటీసు వస్తుందన్న భయంతో బడులు ప్రమాదాలు దాచేస్తాయి. ఆ రోజు ‘చిన్న ప్రమాదం’ అని రాసినవారు దుర్మార్గులు కారు, భయపడ్డవారు. నేనూ ఆ కాగితం చూసి ఊరుకున్నాను. దాచడం వల్ల పక్క బ్లాకులో ఇంకో టీచరుకి ఆ సంగతి తెలియదు, అక్కడ మరో పిల్ల వెలిగే దీపంలో స్పిరిట్ పోస్తుంది. జిల్లాకి ఒక రిజిస్టరు పెట్టండి. చిన్న కాలుడు, చిన్న షాకు, కంట్లో పడ్డ చుక్క, ఏదైనా సరే, బడి పేరు లేకుండా ఏం జరిగింది, ఎలా జరిగింది అని మాత్రమే రాయించండి. ఏటా ఫెయిర్లకి ముందు ఆ పేజీలు టీచర్లందరికీ పంపండి. నిజం చెప్పినవాళ్ళకి శిక్ష ఉండదని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి.

ఫెయిర్ జరిగే చోట ఇసుక బకెట్లూ, తడి గోనె సంచులూ, హాలుకి పది అడుగుల్లో ధారగా వచ్చే నీళ్ళూ ఉండాలి. 108 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. కంట్లో రసాయనం పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలని అక్కడున్న టీచర్లలో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

ఒక పేజీ ఫారం అన్నాను కదా, దాని నమూనా తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంచాను. మీరు పిలిస్తే తెచ్చి ఇస్తాను. బ్లాకు మీటింగుల్లో టీచర్లకి చెప్పమంటే సొంత ఖర్చుతో వస్తాను. రాసిన తర్వాత మొదట చూపించింది ఆ అమ్మాయికే, చెయ్యి కాలిన నా విద్యార్థినికి. కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివింది. బావుంది మేడమ్ అంది. తర్వాత ఎడమచేత్తో పెన్ను తీసుకుని కింద ఒక వాక్యం చేర్చింది: ‘స్పిరిట్ సీసా టేబుల్ మీద వద్దు, టేబుల్ కింద కూడా వద్దు, వేరే గదిలో మేడమ్ దగ్గర ఉండాలి.’

ఆ వాక్యం ఫారంలో అలాగే ఉంచాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్
పర్లాకిమిడి, గజపతి జిల్లా